ముత్తమ్మ అడిగిన చోటు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది నేను బస్తర్ సంస్థానంలో, శబరి నది ఒడ్డున ఒక చిన్న డిస్పెన్సరీలో నర్సుగా ఉన్నాను. డాక్టరుకి హిందీ తప్ప రాదు. వచ్చే రోగులు అక్కడి అడవి పల్లెల దోర్లీ భాషలోనో తెలుగులోనో బాధలు చెప్పుకునేవాళ్ళు. రాజమండ్రిలో చదువుకొచ్చి, ఇక్కడ హిందీ, దోర్లీ పట్టుకున్న నేను మధ్యలో దుబాసీని కూడా.

వానాకాలంలో కిష్టారం వైపు నుంచి ముత్తమ్మను ఎడ్లబండి మీద తెచ్చారు. కూలికి నాట్లేసే మనిషి, తొలిచూలు. ఆరో నెలలోనే నొప్పులొచ్చాయి. మా దగ్గరికి వచ్చాక బిడ్డ పుట్టింది, ప్రాణం లేదు. మావి లోపలే నిలిచిపోయింది. రిటెయిన్డ్ ప్లాసెంటా అంటాం దీన్ని, రక్తం ఆగదు. డాక్టరు చెయ్యి పెట్టి మావి తీసి, గర్భసంచి ముడుచుకోవడానికి ఎర్గట్ ఇచ్చాడు. మనిషి దక్కింది.

ముత్తమ్మకు తెలివి రాకముందే ఊడ్చే ముసలాయన బిడ్డను గుడ్డలో చుట్టి పెరట్లో పాతిపెట్టాడు. చూస్తే తల్లికి దిగులు ఎక్కువవుతుందని అక్కడ అదే పద్ధతి.

ఆడవాళ్ళకు ఉన్నది ఒకటే గది. పక్క మంచంలో బాలింత. ఆ పసిబిడ్డ ఏడ్చినప్పుడల్లా ముత్తమ్మ రవిక తడిసిపోయేది. ఒక పొద్దున నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నర్సమ్మా, నా పిల్లను ఏడ దాసిన్రు? పాలొచ్చినయ్ గదా. సచ్చిన పిల్లకు పాలెందుకొస్తయ్?"

"మావి బయటికొస్తే పాలొస్తాయి చెల్లీ, బిడ్డ ఉన్నా లేకున్నా" అన్నాను. నమ్మలేదు.

"ఊకో, ఏందా మాటలు!" అని కసిరింది తోడుగా వచ్చిన అత్త సమ్మక్క. ఆ వెంటనే ఆమె గొంతు దిగిపోయింది. "నాకూ వచ్చినయే, పిల్ల సచ్చి పుట్టినప్పుడు. రెండుమార్లు. అడవిలకు పోయి పాలు పిండి పారబోసిన. ఎవ్వరితోటీ అనలే."

అప్పుడు ఏడ్చింది ముత్తమ్మ, అత్త ఒళ్ళో తలపెట్టి. ఏడుపు తగ్గాక ఒకటే అడిగింది. "ఏడ బొందపెట్టిన్రో సూపియ్యి."

ముసలాయన్ని పిలిచి, ముత్తమ్మను పెరటి దగ్గరికి తీసుకెళ్ళాం. అంతా నీళ్ళు, గడ్డి. ఆయన అటూ ఇటూ తిరిగి, "ఇక్కడనో, అక్కడనో. వాన సదును చేసేసిందమ్మా" అని తల దించుకున్నాడు. ముత్తమ్మ అంచునే నిలబడిపోయింది. లోపలికి అడుగు వెయ్యలేదు.

మరుసటేడు సంతలో సమ్మక్క కనిపించి, కోడలు మళ్ళీ నీళ్ళోసుకుందనీ, ఆసుపత్రి పేరెత్తితే మొహం తిప్పుకుంటోందనీ చెప్పింది. ఆమె వచ్చిన బండిలోనే వాళ్ళ ఊరు వెళ్ళాను. ముత్తమ్మ నవ్వుతూనే పీట వేసి, తునికిపండ్లు పెట్టింది. ఈసారి ముందుగానే రమ్మన్నాను.

"నువ్వు మంచిదానివే అక్కా. కానీ ఆడ యాడ అడుగేసినా నా పిల్ల మీదనే ఏసినట్టుంటది. ఎట్ల రావాలె?"

అదే బండిలో తిరిగొచ్చాను. ముత్తమ్మ ఇంట్లోనే కన్నది. ఇద్దరూ క్షేమమని తెలిసేదాకా నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత డాక్టరుతో పోరాడి, కడుపు పోయినవాళ్ళ మంచం బాలింతల గదిలోంచి వసారాలోకి మార్పించాను. పాలొస్తాయని ముందే చెప్పడం, బిడ్డను చూస్తావా అని తల్లినే అడగడం, పాతిన చోట రాయి నిలపడం మొదలుపెట్టాం. రక్తం ఆగగానే మా పని అయిపోలేదని నాకు నేర్పింది ముత్తమ్మే. కానీ వీటిలో ఏ ఒక్కటీ ఆమెకు అందలేదు.