పొట్ట వచ్చిన గోడ

ఎవరు ఎదురొచ్చినా మా టైలరు బాబాయి ఒక కన్ను మూసి భుజాలు చూస్తాడు. ఏ భుజం కిందికి జారిందో తేలాకే పలకరింపు. వియ్యంకుణ్ణీ అలాగే చూశాడు. “ఎడమది,” అన్నాడు. పెళ్లి ఆగలేదు.

ఆయన చొక్కాలో వంకర మనిషి కనపడడు. గూని సర్దుతాడు, బొజ్జ దాస్తాడు. వెనకగది ఇటుకగోడ మధ్యలో పొట్ట ఉబికిందని పిన్ని అంటే నవ్వాడు.

పిన్ని నవ్వలేదు. ఆమె ఇనుప బీరువా నడవకి అడ్డంగా ఉంది. గదిలో ఆ గోడకీ తలుపుకీ మధ్య దానికి సరిగ్గా చోటుంది, పొట్ట లేకపోతే.

“మా తమ్ముణ్ణి పిలవనా?”

తమ్ముడు తాపీమేస్త్రీ.

“వాడొస్తే, ‘గోడక్కూడా గుండీలు కుట్టావా బావా’ అని నేను చచ్చేదాకా అంటాడు. వాడు నా గోడ ముట్టుకుంటే కొట్లో పడుకుంటా.”

“కొట్టు గోడ కట్టిందీ వాడేనండీ.”

బాబాయి తాపీ కొన్నాడు. గోడ పైన మేకు కొట్టి, దారానికి బరువు కట్టి వేలాడదీశాడు. దారం పొట్టకి ఆనింది. పైనా కిందా మూడేసి వేళ్ల సందు.

మేస్త్రీ అయితే పొట్టని చెక్కుతాడు. బాబాయికి దాచడమే వచ్చు. పొట్ట చుట్టూ సిమెంటు మెత్తాడు. జారింది. తిట్టి మళ్లీ మెత్తాడు. సందులన్నీ పూడి గోడ పొట్టకి సమానమైంది. ఎందుకైనా మంచిదని మొత్తం మీద ఇంకో పొర వేశాడు. సాయంత్రానికి దారం గోడని నిలువునా తాకుతూ నిలిచింది.

“రావే, చూద్దువు గాని!”

పిన్ని వచ్చింది. ఆయన మెడలోని టేపు లాగి, గోడ నుంచి తలుపు దాకా పట్టింది. నడవలోకి వెళ్లి బీరువాకి పట్టింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

“పొట్ట తియ్యమంటే గోడంతా పొట్టే చేశారు. గది బిగుతైపోయింది.”

“ఎంత?”

“నాలుగు వేళ్లు.”

“ఏదో కాస్త సర్దుకోదా?”

“ఇనుమండీ. జాకెట్టు కాదు.”

బాబాయి ఒక కన్ను మూసి గోడకేసి చూశాడు. అన్నం పెట్టేటప్పుడు పిన్ని తమ్ముడి పేరెత్తలేదు. అది మరీ భరించలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే తనే వెళ్లి బామ్మర్ది ఇంటి తలుపు తట్టాడు. ఉలీ సుత్తీ అడిగాడు.

“పద బావా, నేనూ వస్తా,” అంటూ మేస్త్రీ చెప్పులు వెతికాడు.

“సామాను చాలు. నువ్వొద్దు.”

బాబాయి ఇంటికొచ్చి, ఇంకా పచ్చిగా ఉన్న సిమెంటు రాల్చేశాడు. పొట్ట మీద ఉలి ఆనించి, మొదటి దెబ్బ తన బొటనవేలి మీదే వేసుకుని, రెండోది గోడకి వేశాడు.