స్టాండు మీది సైకిల్

దయ్యాలంటే నాకు నవ్వు. నేను లెక్కల టీచర్ని. ఎవరైనా తెల్లచీర, వెనక్కి తిరిగిన పాదాలు అని మొదలుపెడితే, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎటునుంచి పడుతోంది అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేదాన్ని. ఇప్పటికీ అంతే. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఈ ఒక్క లెక్క నాకు తేలలేదు.

అరవయ్యో దశకంలో మాట. కృష్ణాజిల్లా నుంచి వచ్చి నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో టెంపరరీ టీచరుగా చేరాను. స్టేషన్ ఎదురు సందులో నర్సింగరావుగారింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. వాళ్ళు తరతరాలుగా హైదరాబాదువాళ్ళు. ఆయన గన్‌ఫౌండ్రీలో ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఉబ్బసం మనిషి. నేను మా వైపు అలవాటు కొద్దీ ఆయన్ని బాబాయిగారూ అని, ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆ పిలుపు వాళ్ళకు వింతగా ఉండేది, ఇష్టంగానూ ఉండేది.

ఆ వానాకాలం బడి మెట్ల మీద జారి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాను. దవాఖానలో పిండికట్టు వేశారు. కట్టు విప్పాక చూస్తే మోకాలు వంగదు. మా హెడ్మిస్ట్రెస్ మంచి మనిషే, కానీ పై తరగతులన్నీ మేడ మీద. వేసవి సెలవుల లోపల కర్ర లేకుండా మెట్లెక్కగలిగితేనే వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందని నెమ్మదిగానే చెప్పింది. ఆ ఉద్యోగం పోతే పెట్టె సర్దుకుని మా అన్నయ్యగారి వంటింట్లోకి వెళ్ళడమే. ఆ ఊహకే నాకు ఏడుపొచ్చేది.

దవాఖాన డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు, రెండు పూటలా అరగంట. రోడ్డు మీద నడవలేనిదాన్ని సైకిలెలా తొక్కను? పైగా తీరికేది? తెల్లారగట్ల పంపు దగ్గర నీళ్ళు, తర్వాత వంట, ట్యూషన్ పిల్లలు, రిక్షాలో బడి, సాయంత్రం మళ్ళీ ట్యూషన్లు, ఆపైన దిద్దాల్సిన పేపర్లు. ఊపిరి సలపని పని.

దారి చూపించింది పిన్నిగారే. అత్తవారింటికి వెళ్ళిన వాళ్ళమ్మాయి లేడీస్ సైకిల్ ఒకటి మూలన పడి ఉంది. దాన్ని నా గదిలో స్టాండు వేసి, స్టాండు కింద ఇటుకలు పెట్టి, ముందు చక్రాన్ని కిటికీ ఊచలకు తాడుతో కట్టారు. వెనక చక్రం గాలిలో తిరుగుతుంది. కాస్త బరువు తెలియడానికి బ్రేకు బిగించారు. ఇక వేళ సంగతి. "నీళ్ళు నేను పడ్త, గా అరగంట నీది," అన్నారావిడ. పొద్దున అలా దొరికింది. సాయంత్రం తొక్కుతూనే పిల్లల చేత ఎక్కాలు ఒప్పజెప్పించుకునేదాన్ని. వాళ్ళకు నన్ను చూస్తే సర్కస్ చూసినట్టే ఉండేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మోకాలు వంగదు కాబట్టి సీటు బాగా పైకెత్తారు. నా కాళ్ళు నేలకు అందవు. స్టూలు మీదుగా పిన్నిగారు ఎక్కించి, పెడలుకు తగులుతుందని ఆ స్టూలు తీసేసేవారు. దిగాలంటే మళ్ళీ ఆవిడే రావాలి.

మొదట్లో సగం చుట్టు ముందుకి, సగం చుట్టు వెనక్కి. ప్రాణం పోయేది. బాబాయిగారు గుమ్మం అవతల వరండాలో కుర్చీ వేసుకుని, నాకు కాలక్షేపంగా ఉండాలని ఊరు చూపించడం మొదలుపెట్టారు. "ఇగ స్టేషన్ దాటినవ్ బిడ్డా. జర పైలం, రిక్షాలొస్తున్నయ్. గాడ మలుపు. ఇగో, ఆబిడ్స్ చౌరస్తా." ఒకరోజు బేగం బజార్, ఒకరోజు ఉస్మాన్‌గంజ్. ఎక్కడ ఇరానీ చాయ్ బాగుంటుందో, ఎక్కడ ఎత్తు వస్తుందో అన్నీ చెప్పేవారు. ఎత్తు అన్నప్పుడు నేను నిజంగానే వంగి తొక్కేదాన్ని. బడి, ఇల్లు తప్ప ఎరగనిదాన్ని కళ్ళు మూసుకుని హైదరాబాదంతా తిరిగాను. ఆ అరగంట కోసం ఎదురు చూసేదాన్ని కూడా.

చలికాలంలో ఒక పొద్దున. పిన్నిగారు నన్ను ఎక్కించి, స్టూలు తీసి, పాల కోసం వెళ్ళారు. ముందు తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ రోజు మా దారి గన్‌ఫౌండ్రీ వైపు. "బ్యాంకు కాడికొచ్చినవ్. ఇగ గీడికెల్లి..." అన్నారు బాబాయిగారు. అంతే. మాట ఆగిపోయింది.

దమ్ము తీసుకుంటున్నారేమో అనుకున్నాను. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, గురక లాంటిది. మెడ తిప్పి చూస్తే గుమ్మంలోంచి ఆయన చెయ్యి ఒక్కటే కనిపించింది, నేలను గీకుతూ.

దిగబోతే సైకిల్ ఒరిగింది, తాడు పట్టి ఆపింది. కాలు నేలకు అందలేదు. "బాబాయిగారికి ఊపిరి అందడం లేదు, ఎవరన్నా రండి!" అని అరిచాను. సందు చివర పంపు దగ్గర బిందెల గొడవ, స్టేషన్లో ఇంజను కూత. ఎవరికీ వినపడలేదు. ఇంకేం చెయ్యాలో తెలియక తొక్కాను. ఎందుకు తొక్కానో చెప్పలేను. కళ్ళు మూసుకుని, అదే మాట అరుస్తూ, మోకాలు విరిగిపోయినా సరేనని తొక్కాను. బ్యాంకు దగ్గర నుంచి ఎటో తిరిగినట్టు గుర్తు. ఎటో గుర్తు లేదు.

ఎంతసేపో తెలియదు. బయట స్కూటరాగింది. బ్యాగుతో ఒక పెద్దమనిషి లోపలికొచ్చి, బాబాయిగారి పక్కన కూర్చుని సూది మందు వేశాడు. కాసేపటికి ఆ గురక తగ్గింది. బాబాయిగారు కళ్ళు తెరిచారు. నేను సీటు మీదే కూర్చుని ఏడుస్తున్నాను.

అప్పుడు తలెత్తి నన్ను చూశాడా పెద్దమనిషి. నన్ను, ఇటుకల్ని, తాడుని.

"నేను స్కూటర్ మీద వచ్చిన. నాకంటె ముందుగాల నువ్వెట్ల చేరినవమ్మా?" అన్నాడు.

ఆయన బాబాయిగారి పాత డాక్టరు. ఇల్లు గన్‌ఫౌండ్రీలో. నేను ఆయన్ని అంతకు ముందు చూడలేదు. ఆయన చెప్పింది ఇది: నీలం చీర కట్టిన మనిషి లేడీస్ సైకిల్ మీద గేటు దగ్గర ఆగింది. బాబాయిగారికి ఊపిరి అందడం లేదు, రండి అంది. ఎవరి బాబాయి అంటే నర్సింగరావుగారి పేరు చెప్పింది. లోపలికి రమ్మంటే, దిగలేనండీ అంది. బాబాయిగారూ, అండీ అని మాట్లాడేవాళ్ళు ఆ ఇంట్లో కిరాయికున్న ఆంధ్రా టీచరమ్మే అయ్యుంటుందనుకుని బయలుదేరాడు. ఆ పూట నేను కట్టుకున్నది నీలం చీరే.

పాలతో వచ్చిన పిన్నిగారు అంతా విని, నన్ను పట్టుకుని దింపారు. కట్టిన తాడు కట్టినట్టే ఉంది. వెనక టైరు వేళ్ళతో తడిమి చూశాను. దుమ్ము కూడా లేదు.

తర్వాత నా పద్ధతిలో నేను విచారించాను. సందులో మరో లేడీస్ సైకిల్ లేదు. నా అరుపు విన్నామన్నవాళ్ళు లేరు, కబురు తీసుకెళ్ళామన్నవాళ్ళూ లేరు. పొరబాటు పడ్డారేమోనని డాక్టరుగారితో అంటే ఆయన నొచ్చుకున్నారు.

మోకాలు మాత్రం ఆ రోజు నుంచి వంగడం మొదలైంది. సీటు కొద్దికొద్దిగా దించుకుంటూ వచ్చాం. సెలవుల ముందు హెడ్మిస్ట్రెస్ చూస్తుండగా కర్ర లేకుండా మేడెక్కాను. ఉద్యోగం నిలిచింది. ఇంటికొచ్చి చెబితే పిన్నిగారు నా నోట్లో చక్కెర పోశారు.

ఆ ఎండాకాలం సైకిల్‌ని స్టాండు దించి మొదటిసారి రోడ్డు మీదికి తీశాను. బాబాయిగారికి మందులు అయిపోయాయి, నేనే తెస్తానన్నాను. డాక్టరుగారింటికి దారి ఎటు అని అడిగాను. ఊరంతా తిప్పిన మనిషి, ఆ ఒక్క దారీ నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఆయన కుర్చీలోంచి నా వంక చూసి, "తెలిసిన తోవనే గద బిడ్డా," అన్నారు.

స్టేషన్ దాటాను. ఆబిడ్స్ చౌరస్తా దాటాను. బ్యాంకు దగ్గరికొచ్చాక, ఆ రోజు ఆయన గొంతు ఆగిన చోట, ఎవరినైనా అడగాలి. అడగలేదు. కుడి వైపు సందులోకి తిప్పాను, మళ్ళీ ఎడమకు. ఆకుపచ్చ గేటు ముందు ఆగాను.

డాక్టరుగారు వరండాలో పేపరు చదువుతున్నారు. తలెత్తి, నన్నూ సైకిల్‌నీ చాలాసేపు చూశారు.

"ఈసారన్న దిగుతవా అమ్మా?" అన్నారు.

ఎడమ కాలు నేల మీద పెట్టి దిగాను.