ఆరిళ్ళ వంజరం

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు ఇతరుల కుండల్లోకి తొంగిచూసే ఉద్యోగం దొరికింది. అరవైల మొదట్లో మాట. గృహవిజ్ఞానం చదివి, ప్రజల తిండి మీదా ఆరోగ్యం మీదా పరిశోధన చేస్తున్న ఒక వైద్య కళాశాల ప్రొఫెసరుగారి దగ్గర చేరాను. "ఎవరింట్లో ఏం వండినారో ఆరా తీసేదానికి అంత చదువెందుకే? మన పక్కింటామె అక్షరం ముక్క రాకుండానే చేస్తా ఉంది గదా" అంది మా మేనత్త. ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు. ఆమె అన్నది నిజం కావడం వల్లే ఎక్కువ కోపం వచ్చింది.

మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున చిన్న పల్లె. అందులో ఆరిళ్ళు నా వంతు. వారం రోజులు ప్రతి ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కబోయే బియ్యం, చేప, ఉల్లిపాయ, చింతపండు అన్నీ త్రాసులో తూచి పుస్తకంలో రాయాలి. గర్భిణులకీ పసిపిల్లలకీ తిండి చాలడం లేదని తేలిన పల్లెలకి రోజూ పాలు పంచే ఏర్పాటు ఒకటి రాబోతోంది. ఏ పల్లెకి ఇవ్వాలో మా పుస్తకాలే చెప్పాలి. అయితే పాల సంగతి పల్లెలో పొరపాటున కూడా నోరు జారకూడదని ప్రొఫెసరుగారి కట్టడి. తెలిస్తే జనం ఉన్నది దాచి లేదంటారట. ఆయనకి మనుషుల మీద ఉన్న నమ్మకం అంత. ఆ పల్లెలో మాత్రం ఆయన కాలు పెట్టి ఎరగరు.

నేను మైపాడులో బడిపంతులుగారింట్లో మకాం పెట్టి, తెల్లవారగానే త్రాసు సంచీ భుజాన వేసుకుని ఇసకలో నడిచి వెళ్ళేదాన్ని. ఆరిళ్ళకీ పెద్దదిక్కు మొదటింటి అక్క. నలభై దాటిన మనిషి, గొంతెత్తితే అలల హోరు కూడా వినపడదు. మగవాళ్ళు వేటకి పోతే తను తట్టలో చేపలు పెట్టుకుని అమ్ముకొచ్చేది. ఆమె కోడలికి ఏడో నెల. ఆ పిల్ల ఎంత సన్నగా ఉండేదంటే, పొట్ట ఒక్కటీ ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుండేది.

మొదటిరోజు అక్క నా త్రాసులో మోచేతి పొడవున్న ఖరీదైన వంజరం చేప పెట్టింది. సన్నబియ్యం ఒక పెద్ద చెంబు నిండా కొలిచి పోసింది. నేను తూచి రాసుకోగానే గుప్పెడు ఉప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ తెచ్చి చేప చుట్టూ, చెంబు చుట్టూ, చివరికి నా చుట్టూ తిప్పి పొయ్యిలో పారేసింది. తూచిన తిండికి దిష్టి తగులుతుందట. ఆ ఉప్పూ మిరపకాయలూ ఏ గడిలో రాయాలో ప్రొఫెసరుగారు నాకు చెప్పలేదు. దగ్గుకుంటూ రెండో ఇంటికి పోయాను. అక్కడా వంజరమే, సన్నబియ్యమే. మూడో ఇంట్లోనూ అంతే. వేట సరిగ్గా పడని రోజులని బస్సులో అందరూ అనుకుంటుంటే విన్నాను గానీ, మావి లోపలి పల్లెలు, వరి తప్ప వేరే తెలీని వంశం మాది. సముద్రం వాళ్ళ లెక్క వేరేమో అనుకున్నాను.

మూడో రోజు ఐదో ఇంట్లో చేపని తిప్పి చూస్తే తోక పక్కన చిన్న గాటు కనిపించింది. అదే గాటుని పొద్దున్నే అక్క ఇంట్లో చూశాను. పైగా ఇంటింటికీ చేప రెండు మూడు తులాలు తగ్గుతోంది, వాసన మాత్రం పెరుగుతోంది. ఆరో ఇంటికి ముందు వాకిట్లోంచి కాకుండా దొడ్డిదారిన పరిగెత్తాను. చేప నాకంటే ముందే చేరింది. మోసుకొచ్చినామె ఇంకా రొప్పుతోంది.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నేరుగా అక్క దగ్గరికి పోయి, "ఈ చేపకి ఆరు కాపరాలా అక్కా?" అని అడిగాను.

అక్క సిగ్గుపడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది. "ఇంటికొచ్చిన మనిషికి ఖాళీ చట్టి చూపిస్తామా అమ్మా? అందులో నువ్వు రాసుకునే మనిషివి! నువ్వు రాసింది నెల్లూరు పోతాది, ఆడ్నించి ఇంకా యాడికి పోతాదో. మా పల్లోళ్ళు గంజి తాగతా ఉండారని ఊరూరా చదవాల్నా?"

"నిజం రాయకపోతే ఎట్లా?"

"చేప నిజంగానే ఉండాది గదా. నువ్వే తూకమేసినావు."

ఊరేగింపు అయిపోయాక ఆ చేప అక్క తట్టలోకెక్కి అమ్మకానికి పోయేదని తర్వాత తెలిసింది. ఆరిళ్ళలో ఎవరూ దాని ముల్లు కూడా రుచి చూడలేదు. సన్నబియ్యమూ అంతే, ఒకే చెంబు ఆరిళ్ళూ తిరిగేది. పాల సంగతి గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

ఐదో రోజు సాయంత్రం బస్సెక్కి నెల్లూరు పోయాను. ప్రొఫెసరుగారు అక్కడి బంగళాలో దిగి ఉన్నారు. నా పుస్తకం తిరగేసి మురిసిపోయారు. "అమ్మాయ్, వీళ్ళు నాకంటే బాగా తింటున్నారు! ఈ పల్లె పేరు కొట్టేయొచ్చు" అన్నారు. నేను గాటు సంగతి చెప్పాను. "గాటు శాస్త్రం కాదు, తూకం శాస్త్రం. గాటున్న చేపలు సముద్రంలో ఒక్కటేనా ఉండేది? రెండు రోజుల్లో రుజువు తీసుకురా, లేదంటే కొట్టేస్తాను" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెబితే అబద్ధం. హాయిగా నిద్రపోయాను, ఎందుకంటే నాకొక ఉపాయం తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున పల్లెకి పోలేదు. సరిగ్గా మధ్యాహ్నం, త్రాసు లేకుండా, చెప్పాపెట్టకుండా అక్క గుమ్మంలో నిలబడి, "అక్కా, ఆకలేస్తోంది, ఏముంటే అది పెట్టు" అన్నాను. చేప తెప్పించుకునే వ్యవధి లేదు. ఆకలన్న మనిషికి లేదనడం ఆ ఇంటా వంటా లేదు. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడలు చాప వేసింది. అక్క చట్టిలోంచి గంజన్నం వంచి, కాల్చిన ఎండుచేప ముక్కా ఉల్లిపాయా పక్కన పెట్టింది. రుజువు దొరికిందన్న సంబరంలో ఉన్నాను. అదీగాక ఎండలో నడిచొచ్చిన ఆకలి, ఎండుచేప బ్రహ్మాండంగా ఉంది. సిగ్గులేకుండా మారు కూడా అడిగాను. పెట్టారు.

చెయ్యి కడుక్కుని, అలవాటు కొద్దీ కోడలిని అడిగాను: "ఈ పూట నువ్వేం తిన్నావు?"

"తింటానక్కా."

"ఏం తింటావు?"

ఆ పిల్ల చట్టి వైపు చూసింది. లేచి చట్టి మూత తీశాను. అడుగున నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆరు రోజులుగా గర్భిణుల తిండి గురించి రాస్తున్నదాన్ని, ఏడో నెల చూలాలి మధ్యాహ్నం తిండి మారు అడిగి మరీ తినేశాను. అక్కడే కూలబడి ఏడ్చాను. అంత సిగ్గు నా జన్మలో మళ్ళీ పడలేదు.

"ఏందమ్మా, కడుపుకి తిని ఏడస్తారా?" అని అక్క గాభరా పడింది. పాల సంగతి చెప్పకూడదు. నోటికొచ్చింది అనేశాను: "ఇట్లా తప్పులు రాస్తే నా ఉద్యోగం పోతుందక్కా!"

అక్క తన కొంగుతో నా మొహం తుడిచింది.

ఆ సాయంత్రం నెల్లూరు బంగళాలో ప్రొఫెసరుగారు పుస్తకంలో వేలు పెట్టి, "గర్భిణి, మధ్యాహ్నం, సున్నా. ఏమిటీ సున్నా?" అని అడిగారు.

"ఆమె తిండి నేను తిన్నాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరిశోధకురాలు పరిశోధనని తినేసిందన్నమాట" అన్నారు. మొత్తం పుస్తకాన్ని అడ్డంగా కొట్టేశారు. పుస్తకాన్ని కొట్టేశారు గానీ పల్లెని కొట్టేయలేదు. "మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టు. ఈసారి క్యారియర్ తీసుకెళ్ళు."

సోమవారం త్రాసు సంచీతో వెళ్ళేసరికి ఆరిళ్ళ ఆడవాళ్ళూ అక్క వాకిట్లో ఉన్నారు. ఎవరి చేతిలోనూ చేప లేదు. "ఈ పిల్లకి నిజం రాస్తేనే ఉద్యోగం నిలబడేదంట. ఎవురూ ఏమీ మోసకరాబాకండి" అని అక్క వాళ్ళకి గట్టిగా చెబుతోంది. నన్ను చూసి లోపలికి తీసుకెళ్ళి ముంత మూత తీసింది. నలుగురి కుటుంబానికి అడుగున సోలెడు ముతకబియ్యం, పక్కన ఒక్క ఎండుచేప.

"తూకమెయ్యమ్మా. ఉండేది ఇదే" అని మొహం పక్కకు తిప్పుకుంది.

పాలు వస్తాయని ఆమెకి తెలీదు. నాకు తెలుసు. చెప్పలేను. కళ్ళనీళ్ళతో త్రాసు ముల్లు కనపడక రెండుసార్లు తూచాల్సి వచ్చింది. వారం తర్వాత అంకెలు చూసి ప్రొఫెసరుగారు మారుమాట్లాడకుండా పల్లె పేరు జాబితాలో రాశారు.

పాలపొడి డబ్బాలు దిగిన రోజు నేనూ వెళ్ళాను. కోడలు పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని గ్లాసెత్తి తాగుతోంది. ఈ పాలు ఎందుకొచ్చాయో, ఎవరిచ్చారో అక్క ఒక్క ముక్క అడగలేదు. నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ వినపడకుండా అడిగింది:

"నీ ఉద్యోగం నిలబడిందా అమ్మా?"