రాహేలమ్మగారి కెమెరా రీలు

మిట్టమధ్యాహ్నం కిటికీ పక్కన నూరువరహాల గుత్తుల మీద సన్నటి రొద. తుమ్మెద కాదు, పువ్వు మీద వాలకుండా గాలిలో నిలబడి తేనె తాగే చిమ్మట. ఆ రొద వినగానే నాకు రాహేలమ్మగారు గుర్తొస్తారు.

డెబ్బైల మొదట్లో, యుద్ధం ముగిసిన కొత్తలో, విశాఖలో హార్బరు కనిపించే మిట్ట మీద మేమిద్దరం పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్ళం. ఆమె రిటైరైన నర్సు, ఒంటరి మనిషి. నేను అప్పుడే టైపిస్టుగా ఉద్యోగంలో చేరాను. రాత్రిళ్ళు దీపాల చుట్టూ తిరిగే చిమ్మటల్లో పగలు ఎగిరే జాతి కూడా ఉందని నాకు చూపించింది ఆమే. అద్దంలాంటి రెక్కలు, ఆకుపచ్చ ఒళ్ళు. వాటిని ఫొటో తీయడానికి ఎండలో మోకాళ్ళ మీద కూర్చునేవారు. శత్రువుల గూఢచారులున్నారేమోనని ఊరంతా ఒకరినొకరు అనుమానంగా చూసుకునే రోజులవి. ఆ కెమెరా ఎటు తిరిగి ఉందోనని వీధిలో గుసగుసలు. నిజంగా పువ్వుల కోసమేనా అని నేనూ ఒకటి రెండుసార్లు ఆమె వెనక నిలబడి చూశాను.

ఒకరోజు ఇంటి యజమాని అప్పలనాయుడు గేటు తోసుకుని వచ్చాడు.

"ఓడలకేసి కెమెరా ఎట్టి ఏటి తీత్తన్నావమ్మా? ఆ రీలు బయటికి తియ్యి."

"ఎండ తగిల్తే అన్నీ పోతాయి నాయినా. స్టూడియోకి ఎల్దాం, కడిగిందాకా నా పక్కనే కూకో," అన్నారామె. నన్నూ తోడు రమ్మన్నారు.

ఫొటోలు దాదాపు అన్నీ మసకే. ఒక్కటి మాత్రం అద్భుతంగా కుదిరింది. సన్నటి తొండం పువ్వులోకి దించి, గాలిలో ఆగిపోయిన చిమ్మట. నాయుడు దాని మూలన వేలు పెట్టాడు.

"మరిదేటి?"

బూడిదరంగు గీత. కరెంటు స్తంభం అనేస్తే సరిపోయేది. అలాగే అనాలని మనసులో మొక్కుకున్నాను. ఆమె కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"హార్బర్లో క్రేను. పువ్వెనకాల పడిపోయింది."

నాయుడు ఆ ఫొటోనీ నెగటివునీ జేబులో వేసుకున్నాడు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

సామాను బండికెక్కిస్తూ ఉండబట్టలేక అడిగాను. "స్తంభం అనుంటే పోయేది కదండీ?"

"ఆడి అనుమానం ఎలాగూ పోదమ్మా. నాను అబద్ధం సెప్తే ఆ అనుమానమే నిజమైపోదా?"

దువ్వాడ వైపు చిన్న ఇంట్లో చేరి ఆమె మళ్ళీ మొక్కలు నాటారు, మళ్ళీ ఫొటోలు తీశారు. అంత మంచిది ఇంకొకటి కుదరలేదు.

ఆ తర్వాత ఆఫీసులో పైవాళ్ళు నన్ను అనుమానంగా నిలదీసిన ప్రతిసారీ, తేలిగ్గా బయటపడే మాటొకటి నాలుక చివరిదాకా వచ్చేది. దాన్ని మింగేసి, ఉన్నదే చెప్పేదాన్ని. అందుకు ఒకసారి రావలసిన ప్రమోషను పోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను.