అడ్డనార తాడుకు ఇవతల

మా అమ్మ నవ్వు నేను ఇంట్లో వినలేదు. కాఫీ తోటలోంచి విన్నాను. తోటకూ నాకూ మధ్య ఒక తాడు ఉండేది. ఆ తాడు దాటే వయసు నాకు లేదు.

అనంతగిరి దాటాక అరకు రోడ్డు మీంచి లోపలికి విడిపోయే బాటలో, కొండ వాలున మా ఊరు. ఊరికి పైన అందరి తోటలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. ఊళ్ళోంచి వాటిలోకి వెళ్ళడానికి ఒకటే దారి. కోత కాలం వచ్చిందంటే ఆడవాళ్ళంతా కలిసి ఒకరోజు ఒకరి తోటలో, మరునాడు ఇంకొకరి తోటలో పండ్లు కోసేవారు. చంటిపిల్లగా ఉన్నప్పుడు అమ్మ నన్ను వీపున గుడ్డలో కట్టుకుని కోతకు పోయేదట. అదేమీ నాకు గుర్తు లేదు. గుర్తుంటే ఎంత బాగుండేదో.

నాకు కాస్త ఊహ తెలిసేసరికి తొంభైలు సగం దాటాయి. ఆ ఏడు మా కాఫీ కొనే కంపెనీ తరఫున ఒకాయన జీపులో వచ్చాడు. ఊరందరినీ కూర్చోబెట్టి, ఈ కాఫీ తాగే దేశాలవాళ్ళు అది ఎలా పండిందో అడుగుతున్నారని చెప్పాడు. తోటలో విషపు మందులు కొట్టకూడదు, నీడనిచ్చే చెట్లు నరకకూడదు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే కూలి ఇవ్వాలి, పిల్లల చేత పని చేయించకూడదు. వీటికి ఒప్పుకున్న ఊళ్ళ దగ్గరే ఇక మీదట సరుకు కొంటామన్నాడు. మందులు మాకు తెలియవు, చెట్లు మేము నరకం, కూలి మాటలో పెద్దగా తేడా రాలేదు. పిల్లల మాట దగ్గర మాత్రం ఊరిపెద్ద ఆడవాళ్ళ వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"మాటిచ్చీసినాం బాబూ. మా పిల్లగుంటలు తోట మొకం సూడరు" అన్నాడు.

కంపెనీ ఆయన సంతోషించి, టీ తాగి వెళ్ళిపోయాడు. మా వైపు ఒక నియమాన్ని ఎలా పాటిస్తారో పాపం ఆయనకు తెలియదు. కొత్త కాపు దేవతకు పెట్టే కొత్తల పండగ కాకముందే మామిడికాయ తినకూడదంటే మేము తినకపోవడంతో ఆగం. కోయం, రాలినది ముట్టుకోం, ఆ చెట్టు కింద నిలబడి ఉప్పు మాటే ఎత్తం. కంపెనీ నియమాన్ని కూడా ఊరు తీసుకెళ్ళి అదే వరసలో పెట్టేసింది. పండు ఎర్రబడటం మొదలవగానే దిసారి వచ్చాడు. మా ఊళ్ళో పూజలు చేసి మంచిరోజులు చెప్పేది ఆయనే. అడ్డాకు తీగ నారతో తాడు పేని, తోటల దారికి అడ్డంగా కట్టి, దానికి మామిడాకులు గుచ్చి, కింద కోడిగుడ్డు పగలగొట్టాడు. కోత అయ్యేదాకా పిల్లలెవరూ ఆ తాడు దాటకూడదన్నాడు. దాటితే పండు చెట్టు మీదే కుళ్ళిపోతుందట, కంపెనీ జీపు కూడా మళ్ళీ రాదట. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన నియమానికి మా కొండదేవత కాపలా కూర్చుంది.

మిగతా పిల్లలు రెండు రోజుల్లో అలవాటుపడి వాగు వైపు ఆటలకు మళ్ళారు. నేను మళ్ళలేదు. బడి విడిచాక తిన్నగా తాడు దగ్గరికే పోయి కూలబడేదాన్ని. సెలవు రోజైతే పొద్దున్నే అమ్మ వెనకే నడిచేదాన్ని. అమ్మ తాడు ఎత్తి, వంగి అవతలికి వెళ్ళి, "ఇంటికెల్లు" అనేది. వెళ్ళేదాన్ని కాను.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అమ్మ చోడి అంబలి కాచేది, నాకు తల దువ్వేది, దీపం పెట్టేది, పడుకునేది. ఇంత పనికీ నోరు విప్పాల్సిన అవసరం ఆవిడకు పెద్దగా వచ్చేది కాదు. అమ్మకు నవ్వడం రాదనే నేను అనుకునేదాన్ని. ఒకరోజు తాడు దగ్గర కూర్చుని ఉండగా పైన తోటలో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. అందులో ఒక నవ్వు మధ్యలో తెగిపోయి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంది. అది అమ్మదే. అమ్మ దగ్గు నాకు తెలుసు కదా, అలాగే తెలిసిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా దగ్గర లేని నవ్వు తోటలో ఎందుకుంది? వాళ్ళు అంతగా ఏం చెప్పుకుంటున్నారు? సాయంత్రం అడిగితే అమ్మ "ఏటీ నేదు" అని పొయ్యి ఊదుకునేది. మరునాడు మళ్ళీ అదే నవ్వు, నేను మళ్ళీ ఇవతలే. ఆ నవ్వు దగ్గరికి ఒక్కసారి పోవాలని నేను పడ్డ ఆరాటం తర్వాత దేనికీ పడలేదు. ఉద్యోగానికీ పడలేదు, పెళ్ళికీ పడలేదు.

తాడు కట్టిన మొదటి రోజునుంచే, నాకు లేని భాగ్యం ఇంకెవరికీ ఉండకూడదని పంతం పట్టి ఉన్నాను. కోడిపిల్లలు తాడు కిందనుంచి దూరబోతే పుల్ల పట్టుకుని అడ్డం నిలబడేదాన్ని. "మీ అమ్మకి వయసుంది, ఎల్లమను. నీకు నేదు. ఎనక్కి రా" అని గట్టిగా చెప్పేదాన్ని. తెల్లమచ్చ మేకపిల్ల ఒకటి ఉండేది, దానికి ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి లేదు. దాన్ని చెవి పట్టుకుని నిలబెట్టి, జీపులో వచ్చినాయన గొంతు పెట్టి అడిగేదాన్ని. "నీ వయసెంత? బడికెల్తన్నావా? ఎవులు పంపినారు నిన్ను పనికి?" అది మే అనేది. "నీవల్లే ఊరికి జీపు రాదు, సూడు" అని తిట్టి కిందికి తోలేదాన్ని. తోలేసి వచ్చి మళ్ళీ తాడు దగ్గరే ఏడుపు మొహంతో కూర్చునేదాన్ని.

తర్వాత ఆశ్రమ పాఠశాల, ఆ తర్వాత విశాఖలో కాలేజీ. పండు ఎర్రబడే కాలానికి నేను ఎప్పుడూ ఊళ్ళో లేను. తాడు దాటే వయసు ఏ పరీక్షల మధ్యలోనో వచ్చేసింది, ఫలానా రోజున వచ్చిందని ఎవరూ చెప్పలేదు. హాస్టల్లో అమ్మాయిలు పక్క గదిలో చేరి నవ్వుతుంటే పుస్తకం మూసేసి బయటికి పోయేదాన్ని. తలుపు తీసే ఉండేది, రమ్మని పిలిచేవారు కూడా. అయినా నాకు తాడు ఇవతల ఉన్నట్టే ఉండేది.

చదువయ్యాక దొరికిన ఉద్యోగం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరుకు అమ్మే ఊళ్ళు కొనేవాళ్ళ నియమాలు సరిగా పాటిస్తున్నాయో లేదో చూసిరావడం నా పని. మేకపిల్ల మీద చేసిన సాధన వృథా పోలేదు. మొదట విశాఖలో శిక్షణ ఇచ్చారు. పిల్లల విషయం వచ్చినప్పుడు పాఠం చెప్పే మేడమ్ ఇలా అన్నారు: "పిల్లల్ని కూలికి పెట్టడం, బడి మాన్పించడం, బరువులు మోయించడం తప్పు. బడి అయ్యాక సొంత తోటలో అమ్మ పక్కన తిరుగుతూ నాలుగు పండ్లు కోస్తే తప్పు లేదు. ఈ నియమం మొదటినుంచీ ఇంతే."

నేను చెయ్యెత్తి మళ్ళీ చెప్పమన్నాను. ఆవిడ మళ్ళీ అదే చెప్పారు.

టీకి వదిలినప్పుడు పోయి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరి మీద కోప్పడాలి? జీపులో వచ్చినాయన అబద్ధం చెప్పలేదు. ఊరు మాట తప్పలేదు, అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చింది. ఆ ఎక్కువ ఇచ్చినది నా సాయంత్రాలు. నియమం మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. బడి ముఖం చూడకుండా బస్తాల కింద నలిగిన పిల్లల్ని తర్వాత వేరే ఊళ్ళలో నా కళ్ళతో చూశాను. అయినా ఆ మెట్ల మీద, ఆ వయసులో, నాకు మా అమ్మ కావాలనిపించింది. అంత ఉద్యోగస్తురాలినీ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆ ఏడు కోతకు సెలవు పెట్టి ఊరెళ్ళాను. మేడమ్ చెప్పింది అమ్మకు చెప్పాను. అమ్మ బుట్ట దులుపుతూ విన్నది.

"అలాగేటి" అంది. బుట్ట పక్కన పెట్టి, "అయితే రేపొస్తావేటి?" అంది.

తాడు అక్కడే ఉంది. పాత దిసారి పోయాడు, ఆయన కొడుకు కడుతున్నాడు. జుట్టు నెరిసిన మా అమ్మ దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని "వంగు" అంది. వంగి దాటాను. నేను పూర్తిగా అవతలికి వచ్చి నిలబడ్డాక కూడా అమ్మ ఇంకాసేపు దాన్ని అలాగే ఎత్తి పట్టుకుంది.

తోటలో పాతవాళ్ళు ఒకరిద్దరే మిగిలారు. కొందరు పోయారు, కొందరికి మోకాళ్ళు పోయాయి. అమ్మ మాట్లాడకుండా కోస్తోంది. "పచ్చివి తెంపకు" అని ఒక్కసారి అంది, అంతే. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన చోటు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నేను అనుకోలేదు. ఉండబట్టలేక అడిగేశాను.

"అప్పుడు మీరంతా ఏటికి నవ్వీవోలు?"

"ఎప్పుడు?"

"నాను తాడు కాడ కూకున్నప్పుడు."

అమ్మ చెయ్యి కొమ్మ మీద ఆగింది. నా వైపు వింతగా చూసింది.

"నీకు తెల్దేటి? నీ మాటలకే. కోడిపిల్లకి వయసు నేదనీదానివి. మేకపిల్లని బడికెల్తన్నావా అనడిగీదానివి. అన్నీ పైకి ఇనిపించీవి, కొమ్మల సందునుంచి అగుపించీవి. సేతిలో పని మానీసి ఇనీవోలం. పక్క తోటోలు కూడా ఇటొచ్చి నిలబడీవోరు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే మానీసీదానివి."

మళ్ళీ కొమ్మ వంచి రెండు పండ్లు కోసింది. ఉన్నట్టుండి ఎడమచేతి వేళ్ళతో గాలిలో మేకపిల్ల చెవి పట్టుకున్నట్టు పట్టి, గొంతు మార్చి, "నీ వయసెంత?" అంది. ఆ వెంటనే ఆ నవ్వు వచ్చింది. మధ్యలో తెగిపోయి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంది. నేను పక్కనే ఉన్నాను.