ఎలుగుబంటి ఎదుట కండక్టరమ్మ

ఆ రూట్లో రోజూ తిరిగేవాళ్లు ఆమెను ‘రైట్ రైట్ అక్క’ అంటారు. సిటీ బస్సు కండక్టరు. కాలు మోపే చోటు లేని బస్సులోనూ వెనక మెట్ల నుంచి ముందు మెట్ల దాకా సందు చేసుకుంటూ సాగిపోతుంది. ఆమె గొంతెత్తితే డ్రైవరుకి బెల్లుతో పనిలేదు. ఇంట్లోనూ అదే గొంతు. “కాస్త మెల్లగా మాట్లాడవే, మేమేం ఫుట్‌బోర్డు మీద వేలాడటం లేదు” అని అత్తగారు సాధిస్తూ ఉంటుంది.

ఆ అత్తగారినీ, కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే మొగుణ్నీ, ఎనిమిదేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకుని ఒక సెలవురోజున వన్యమృగాల పార్కుకి వెళ్లింది.

“ఇవాళ నేను ప్యాసింజర్ని. కిటికీ పక్కన కూర్చుంటాను. ఎవరు లేపినా లేవను” అని గేటు దగ్గరే చెప్పేసింది.

“నిన్ను లేపే మొనగాడెవడు?” అన్నాడు మొగుడు.

పార్కువాళ్ల మినీబస్సులో కిటికీలకు అద్దాలు, వాటి బయట ఇనుప ఊచలు. జింకలు కనబడ్డాయి. బురదలో పొర్లుతున్న అడవిదున్నను చూసి, “అచ్చం మీ నాన్న ఆదివారం పడుకున్నట్టే ఉంది” అని కూతురితో అంది. బస్సు రెండు గేట్లు దాటి ఎలుగుబంట్లు ఉండే చోటికి చేరింది.

అంతకుముందే వాన పడింది. రోడ్డు అంచు మెత్తబడి ఉంది. ఎలుగుబంటి కనబడగానే డ్రైవరు బండి ఓ పక్కకి తీసి ఆపాడు. వెనక సీట్లోని ఒకాయన అద్దం జరిపి, ఊచల సందులోంచి బిస్కెట్ పట్టుకుని “ఛూ, ఛూ” అన్నాడు. ఎలుగుబంటి వచ్చింది. వచ్చి, వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు రెండూ కిటికీకి ఆనించింది. ఊచలు కిర్రుమన్నాయి. అంతే, బస్సులో ఉన్నవాళ్లంతా ఫోన్లు పైకెత్తి ఆ పక్కకే ఎగబడ్డారు.

బస్సు అటువైపు ఒరిగింది. వెనక చక్రం బురదలో దిగబడింది. డ్రైవరు గేరు మార్చి లాగితే చక్రం గిర్రున తిరిగిందే గాని బండి కదల్లేదు.

“కూర్చోండి, ప్లీజ్! కూర్చోండి!” అని అతను మొత్తుకున్నా ఎవరికీ పట్టలేదు. ఒక పసివాడు గుక్కపట్టి ఏడవసాగాడు. అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆమె ఆ చెయ్యి విడిపించుకుని లేచింది. భయం వేయలేదని కాదు. కానీ ఒరిగిన బస్సూ, మాట వినని జనమూ ఆమెకు కొత్త కాదు. కొత్తదల్లా ఎలుగుబంటే.

“చేతులు లోపల!” అంది.

ఆ గొంతుకి తలలన్నీ ఇటు తిరిగాయి.

“బిస్కెట్ అన్నా, మీకే చెప్తున్నా. చెయ్యి లోపలికి తీసి అద్దం వెయ్యండి. నల్ల చొక్కా తమ్ముడూ, ఫోటోలు చాలు, ఇటు రా. అందరూ ఈ పక్కకి రండి. సీటు లేకపోతే ఒళ్లో కూర్చోండి, ఎవరూ అరిగిపోరు. ఏమండీ, ఆ పిల్లాణ్ని ఎత్తుకోండి.”

మొగుడు పసివాణ్ని అందుకున్నాడు. బిస్కెట్ ఆయన బుద్ధిగా అద్దం వేశాడు. జనం ఒకరి మీద ఒకరు సర్దుకుంటూ ఇవతలికి జరిగారు. తినడానికేమీ దొరకని ఎలుగుబంటి కిందికి దిగి, చిరాగ్గా గుర్రుమంటూ పొదల్లోకి నడిచింది. ఒరిగిన బస్సు కాస్త తేరుకుంది.

ఆమె కడ్డీ మీద రెండు దెబ్బలు కొట్టింది. “రైట్ రైట్!”

చక్రానికి పట్టు దొరికింది. బస్సు ఒక్క కుదుపుతో రోడ్డెక్కింది. చప్పట్లు మోగాయి. తిరిగొచ్చి చూసేసరికి కిటికీ పక్కన అత్తగారు కూర్చుని ఉంది.

“లేవండి అత్తయ్యా. డ్యూటీ అయిపోయింది.”

“నువ్వెలాగూ నిలబడ్డావుగా!” అని గొణుగుతూనే పెద్దావిడ జరిగింది. మరో నిమిషానికి ముందు సీటువాళ్ల భుజం తట్టి, “మా కోడలే” అంది, ఎవరూ అడక్కపోయినా.

దిగేటప్పుడు డ్రైవరు ఆమెను ఆపాడు. “అక్కా, మీరేం పని చేస్తారు?”

“నీలాంటివాళ్ల వెనక నిలబడి అరుస్తాను.”

అతను పగలబడి నవ్వాడు. “ఏనుగుల వైపు ఇంకో ట్రిప్పు ఉంది. నా పక్క సీటు ఖాళీ. పాపని కూడా తీసుకురండి.”

మొగుడు, అత్తగారు చెట్టు నీడన అరటిపళ్లు తింటూ ఉండిపోయారు. తల్లీకూతుళ్లు ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. చెరువు గట్టు మీద ఏనుగుల గుంపు నిలబడి ఉంది. ఓ గున్న ఏనుగు గట్టు దిగబోయి, కాళ్లు జారి, బురదలో కూలబడి, అలాగే నీళ్లలోకి జారిపోయింది. వెంటనే తొండం పైకెత్తి తల్లి కోసం వెతికింది. తల్లి తాపీగా దిగి దాన్ని నెట్టుకుంటూ ఒడ్డుకి చేర్చింది.

ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ కేక పెట్టింది.

“అమ్మా, మెల్లగా! ఏనుగులు భయపడతాయి” అంది కూతురు.

“భయపడవులే. చూడు, చూడు, మళ్లీ దిగుతోంది దొంగది!” అంటూ ఆమె కూతుర్ని ఎత్తి ఒళ్లో నిలబెట్టుకుంది.