అమ్మ ఊపిరితిత్తుల్లో సంఘం

పంట పండినా ఎండినా మా చర్చి సంఘంలో కోతపండుగ ఆగదు. ఆ రోజు మొదటి పాట ఎత్తేది మా అమ్మే. ఆ ఏడు మాత్రం పల్లవి సగంలోనే దగ్గు అందుకునేది. పండుగ దగ్గర పడుతోంది. పాట వేరొకరికి ఇమ్మని ఎవరూ పైకి అనలేదు గానీ అమ్మకు ఆ మాట వినబడుతూనే ఉంది.

అనంతపురంలో డాక్టరు కఫం పరీక్ష చేయించాడు. చిన్నప్పటి నిమోనియా వల్ల ఊపిరిగొట్టాలు కొన్ని వెడల్పయ్యాయనీ, అక్కడ నిలిచిన కఫంలో బ్యాక్టీరియా కాపురం పెట్టిందనీ చెప్పి మాత్రలు రాశాడు. రోజూ పొద్దున్నే గట్టిగా ఊపిరి వదిలి కఫం బయటికి తెచ్చుకోమన్నాడు.

మాత్రలు మింగడం అమ్మ పని, ప్రార్థన మా పని. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సంఘమంతా మోకరించింది. అమ్మ అక్క, మా పెద్దమ్మ, గొంతెత్తింది.

"ప్రభువా, మా చెల్లెలి రొమ్ములో ఉండే పురుగులన్నీ చావల్ల! ఒగటి గూడా మిగలగూడదు తండ్రీ!"

మేం అరిచిన ఆమేన్‌కు రేకుల మీది పావురాలు లేచిపోయాయి.

మళ్లీ వెళ్లినప్పుడు అమ్మ ఈ సంగతి డాక్టరుకు గొప్పగా చెప్పింది. ఆయన నవ్వాడు.

"అన్నీ చస్తే ఎట్లమ్మా? ఏ జబ్బూ లేనివాళ్ల ఊపిరితిత్తుల్లోనూ కొన్ని ఉంటాయి. నోట్లోంచి వస్తుంటాయి, పోతుంటాయి. అక్కడ ఏమీ ఉండవని ఒకప్పుడు మేమూ అనుకున్నాం. రకరకాలవి కొంచెం కొంచెం ఉంటే బాధ లేదు. నీకు ఒక రకమే తిష్ట వేసి మిగతావాటికి చోటు లేకుండా చేసింది."

పక్కనే కూర్చున్న నాయన వెంటనే అందుకున్నాడు. "తెలిసింది సార్. మా సంఘంలో ఒకాయన ఉండాడు. మైకు పట్టుకున్నాడంటే ఇంగొకరికి ఇయ్యడు."

"అదే! ఆయన్ను కూర్చోబెట్టడానికే ఈ మాత్రలు."

బస్సులో మా ముగ్గురి నవ్వూ చూసి కండక్టరు, "ఏమప్పా, నాకూ చెప్పండి" అన్నాడు. నాకైతే దేవుని మీద కొత్తగా ప్రేమ పొంగింది. మనిషి ఊపిరిలో కూడా ఒక సంఘాన్ని కూర్చోబెట్టినవాడు ఎంత సరదా గలవాడు!

ఇక ప్రార్థన మార్చాలి. పెద్దమ్మ తల పట్టుకుంది. "ఏది మంచిదో ఏది చెడ్డదో మనకేం తెలుసే?"

"చేసినోడు ఆయనే గదక్కా. ఆయనకు తెలుసులే" అంది అమ్మ.

"అయితే పోయిన వారం మాట వెనక్కి తీసుకుంటాండా తండ్రీ! ఆ మైకు వదలనిదాన్ని మాత్రం కూచోబెట్టు!" అని ఆ శుక్రవారం ప్రార్థనలో పెద్దమ్మ గొంతెత్తింది.

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆ మైకు పెద్దమనిషే. ఆ పోలిక తన మీదేనని ఆయనకు తెలియదు. మేం మోకాళ్ల మీదే నవ్వుతూ ఒరిగిపోయాం.

పండుగనాడు కానుకగా తెచ్చిన చెనక్కాయల మూటలు, గుమ్మడికాయల మధ్య నిలబడి అమ్మ పాట ఎత్తింది. పల్లవి దాటింది. చరణం దాటింది. దగ్గు రాలేదు. నాయన బిగబట్టిన ఊపిరి వదిలాడు. పాట అయిపోయింది. అమ్మ ఆగకుండా ఇంకొకటి ఎత్తింది, దాని వెనకాలే మరొకటి.

"ఏమ్మే, మైకు ఇయ్యి" అని నాయన ముందు వరుసలోంచి గొణిగాడు.

అమ్మ కళ్లు మూసుకుని, మైకును ఇంకో చేత్తో కూడా పట్టుకుంది.